రిపోర్టులన్నీ నార్మల్ అంటున్నారు, మరి ఈ గుండెదడ ఏమిటి?

వాన_చినుకు
కొన్ని నెలలుగా ఇదే గొడవ. ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఊపిరి అందదు, ఇక ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది. కాసేపటికి దానంతట అదే తగ్గుతుంది. మొదటిసారి లిఫ్టులో వచ్చింది. ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు అన్నీ చేయించాను. అన్నీ నార్మల్. డాక్టరు కాగితాలు తిరగేసి "గుండెకేం లేదు, యాంగ్జైటీ, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపించేశారు. ఇంట్లోవాళ్లేమో "ఏమీ లేదన్నారుగా, ఇంకా ఎందుకు దాన్నే పట్టుకుంటావు" అంటున్నారు. ఏమీ లేకపోతే నేను పడుతున్నదేమిటి? నేనేమైనా నటిస్తున్నానా?

టెన్షన్ అందరికీ ఉంటుంది. మరి నాది జబ్బా, నా స్వభావమే ఇంతా? ప్రస్తుతానికి లిఫ్టు మానేసి మెట్లెక్కుతున్నాను. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నిద్రలేని_రాత్రి
నాకు పడుకున్నాక వస్తుంది. కన్ను మూతపడే సమయానికి ఒళ్లు ఒక్కసారి ఉలిక్కిపడి లేచి కూర్చుంటాను, ఇక గుండె ఆగకుండా కొట్టుకుంటుంది. నా రిపోర్టులూ నార్మలే. నేనూ వింటాను.

అలుపెరగని_అడుగు
ఎక్కువ ఆలోచించకండి. ఆలోచన మానేస్తే అన్నీ సర్దుకుంటాయి. ఏదో ఒక పనిలో పడండి.

మనసు_పుస్తకం
అలుపెరగని గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ "ఆలోచించకు" అన్న సలహా పనిచేయదు. 1987లో డేనియల్ వెగ్నర్, ఆయన సహచరులు చేసిన ప్రయోగం ఉంది. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దు, ఒకవేళ గుర్తొస్తే గంట కొట్టండి అన్నారు. గంట మోగుతూనే ఉంది. ఆ తర్వాత "ఇప్పుడు ఆలోచించవచ్చు" అన్నాక, మొదటినుంచీ స్వేచ్ఛగా ఆలోచించినవాళ్లకంటే అణచుకున్నవాళ్లకే ఎలుగుబంటి ఎక్కువసార్లు గుర్తొచ్చింది. అణచిన ఆలోచన అలా రెట్టించి వస్తుంది.

వాన చినుకు గారూ, నేను సైకాలజీ పీజీ చదువుతున్నాను. డాక్టర్ని కాను, కాబట్టి మీకు ఫలానాది ఉందని చెప్పను. విషయం మాత్రం చెప్తాను. భయం అనేది ఎదురుగా ఉన్న ప్రమాదానికి వచ్చే స్పందన. ఆందోళన ఇంకా రాని ప్రమాదం గురించి. రెండూ ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషికీ ఉంటాయి, ఉండాలి కూడా. పరీక్ష ముందు రోజు కాస్త ఆందోళన లేకపోతే ఎవరూ పుస్తకం తెరవరు. అది పరిస్థితికి మించి పెరిగి, కారణం పోయాక కూడా వదలకుండా, మన చదువునో ఉద్యోగాన్నో రాకపోకలనో కత్తిరించడం మొదలుపెట్టినప్పుడే దాన్ని రుగ్మత అంటారు. మీరు లిఫ్టు మానేశానన్నారు చూడండి, వైద్యులు అడిగి రాసుకునేది సరిగ్గా అలాంటి విషయాన్నే.

స్వభావమా జబ్బా అన్నారు. రెండింటికీ సంబంధం ఉంది. తొందరగా కంగారుపడే తత్వం కొంతవరకు వంశపారంపర్యంగా వస్తుంది. ఆ తత్వం ఉన్న వాళ్లందరికీ రుగ్మత రాదు. వచ్చినవాళ్లలో చాలామందికి చికిత్సతో తగ్గుతుంది.

వార్డు_నర్సు
నటన కాదమ్మా. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి.

ప్యానిక్ అటాక్ వచ్చినప్పుడు శరీరంలో జరిగేదంతా నిజమే. ప్రమాదం వచ్చిందని మెదడు అనుకోగానే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి వేగంగా తీసుకుంటాం. పోరాడటానికో పారిపోవడానికో శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. దీన్ని వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త వందేళ్ల కిందటే వివరించాడు. తిమ్మిరి ఎందుకంటే, అవసరానికి మించి ఊపిరి తీసుకుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దానివల్లే వేళ్ల చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరి, తల తేలిపోవడం, గాలి చాలడం లేదన్న భావన. ఆక్సిజన్ తక్కువై కాదు. ఇది తెలియక ఇంకా గట్టిగా పీలుస్తారు, అది ఇంకా పెరుగుతుంది.

మీ ఈసీజీ నార్మల్‌గా రావడంలో వింతేమీ లేదు. పనిచేయాల్సిన వ్యవస్థ పనిచేస్తోంది, పనిచేయాల్సిన సందర్భం మాత్రం అది కాదు.

రెండు జాగ్రత్తలు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఇలాగే దడ, వణుకు, చెమటలు వస్తాయి. మీ రక్తపరీక్షల్లో అది ఉందో లేదో చూసుకోండి. కెఫీన్ ఎక్కువగా తీసుకునే అలవాటుంటే తగ్గించి చూడండి. ఇంకొకటి: ఇది ప్యానిక్ అని ఒకసారి తేలినంత మాత్రాన ఎప్పుడూ అదే అనుకోకూడదు. శ్రమ చేసినప్పుడు ఛాతీలో నొక్కినట్టు నొప్పి, అది చేతికో దవడకో పాకడం, స్పృహ తప్పడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నిద్రలేని_రాత్రి
ఎవరో కాగితం సంచిలో ఊపిరి పీల్చమన్నారు. చేయొచ్చా?

వార్డు_నర్సు
వద్దు. అది పాత సలహా. ఆ ఆయాసం ఉబ్బసం వల్లనో గుండె సమస్య వల్లనో వచ్చిందైతే ఆ సంచి ఆక్సిజన్ తగ్గించి ప్రమాదం తెస్తుంది. నెమ్మదిగా ముక్కుతో తీసుకుని, తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలండి, చాలు.

మీకు నిద్రలోకి జారేటప్పుడు ఒళ్లు ఉలిక్కిపడటం చాలామందికి ఉంటుంది, హాని లేదు. దానికి భయపడటం వల్ల ఆ తర్వాత గుండె కొట్టుకుంటోందేమో గమనించండి. నిజంగా గాఢనిద్రలోంచి ప్యానిక్‌తో లేచేవాళ్లూ ఉన్నారు. వైద్యుడికి చెప్పేటప్పుడు ఈ తేడా చెప్తే వాళ్లకు పని సులువవుతుంది.

పెద్దరాయి
నాకు ఒకటి అర్థం కాదు. వెనకటి తరాల్లో ఈ పేర్లేవీ లేవు. కష్టాలు మాత్రం ఇంతకు పదింతలు. ఇప్పుడు ప్రతిదానికీ ఒక రుగ్మత. చిన్న కష్టానికి కూడా జబ్బు పేరు పెడితే మనిషి ఇంకా బలహీనపడడా?

మనసు_పుస్తకం
పెద్దరాయి గారూ, పేరు కొత్తది, బాధ పాతదే. అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసిన జేకబ్ డకోస్టా అనే వైద్యుడు 1871లో ఒక వ్యాసం ప్రచురించాడు. సైనికులు గుండెదడ, ఛాతీనొప్పి, ఆయాసంతో వస్తున్నారు, పరీక్షిస్తే గుండెలో జబ్బు కనిపించడం లేదు. దాన్ని "చిరాకు గుండె" అనే అర్థం వచ్చే పేరుతో రాశాడు. యుద్ధం చేసిన మనుషులు వాళ్లు, బలహీనులని ఎలా అంటాం? వాన చినుకు గారి మాటలు ఆ వ్యాసంలోకి తీసుకెళ్లి పెట్టినా అతుకుతాయి.

1895లో ఫ్రాయిడ్ ఆందోళనను విడిగా ఒక న్యూరోసిస్‌గా, అంటే ఒక మానసిక రుగ్మతగా చూపించాడు. 1980లో వచ్చిన డీఎస్ఎమ్ (మానసిక రుగ్మతలను వర్గీకరించే అమెరికా వైద్యుల పుస్తకం) మూడో కూర్పులో అది రెండుగా విడిపోయింది: హఠాత్తుగా వచ్చే ప్యానిక్, ఎప్పుడూ లోపల నలుగుతూ ఉండే జనరలైజ్డ్ యాంగ్జైటీ.

పెద్దరాయి
చరిత్ర బాగుంది. నా రెండో ప్రశ్న అలాగే ఉంది. గీత ఎక్కడ గీస్తారు? నేనూ రాత్రిళ్లు పిల్లల గురించి ఆలోచిస్తాను. నాకూ ఉందా?

మనసు_పుస్తకం
గీత ఉంది. జనరలైజ్డ్ యాంగ్జైటీ అనాలంటే, ప్రస్తుతం వాడే డీఎస్ఎమ్ ఐదో కూర్పు ప్రకారం, పలు విషయాల గురించి మితిమీరిన చింత కనీసం 6 నెలలపాటు, లేని రోజులకంటే ఉన్న రోజులే ఎక్కువగా ఉండాలి. ఆపుకుందామన్నా ఆగకూడదు. దాంతోపాటు నిలకడ లేకపోవడం, త్వరగా అలసిపోవడం, ధ్యాస కుదరకపోవడం, చిరాకు, కండరాల బిగువు, నిద్ర చెడటం అనే ఆరింటిలో కనీసం మూడు పెద్దవాళ్లలో కనిపించాలి. వీటన్నిటి వల్లా జీవితం దెబ్బతింటూ ఉండాలి. పిల్లల గురించి రాత్రి ఆలోచించి పొద్దున్నే లేచి పని చేసుకుంటున్నారంటే మీరు తండ్రి, అంతే.

ప్యానిక్ డిజార్డర్‌కి గీత వేరు. అటాక్ ఒకసారి వచ్చినంత మాత్రాన ఆ పేరు పెట్టరు. అనుకోకుండా అటాక్‌లు మళ్లీ మళ్లీ రావాలి, వాటిలో ఒకదాని తర్వాతైనా కనీసం ఒక నెల "మళ్లీ వస్తుందేమో" అన్న భయంతో గడపడమో, ఆ భయంతో అలవాట్లు మార్చుకోవడమో ఉండాలి.

పెద్దరాయి
"మీరు తండ్రి, అంతే." ఇది రాసిపెట్టుకుంటాను, ఇంట్లో చూపించడానికి పనికొస్తుంది.

ఐదో_అంతస్తు
వాన చినుకు గారూ, మీ పోస్టులో అందరూ గుండెదడ చూశారు. నేను చివర్లో ఉన్న ఒక వాక్యం చూశాను. లిఫ్టు మానేశాను అన్నది.

నేనూ అలాగే మొదలుపెట్టాను. ముందు లిఫ్టు. తర్వాత కిక్కిరిసిన బస్సు. తర్వాత మీటింగులో తలుపుకి దూరంగా ఉన్న కుర్చీ. తర్వాత మీటింగే. ప్రతిసారీ తప్పించుకోగానే ఎంత హాయిగా ఉండేదో. ఆ హాయే నన్ను ముంచింది. తప్పించుకోవడం వడ్డీకి తెచ్చిన అప్పు లాంటిది. ఇవాళ్టికి గండం గడుస్తుంది, రేపు కట్టాల్సింది పెరుగుతుంది. ఒక దశలో నా ప్రపంచం ఇల్లు, ఇంటి ముందు వీధి అంతవరకే కుంచించుకుపోయింది.

సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స) చేసే సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాక మొదట చేసిన పని, నేను తప్పించుకుంటున్నవన్నీ కాగితం మీద రాయించడం. పేజీ నిండింది. గుండెదడకంటే ఆ పేజీ చూసి ఎక్కువ భయమేసింది. మీరు మెట్లకు అలవాటు పడకముందే ఈ పని మొదలుపెట్టండి, ఇది నా మనవి.

పరీక్షల_ప్రణాళిక
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు, నేను పోటీ పరీక్షకు సైకాలజీ చదువుతున్నాను. ఐదో అంతస్తు గారు చెప్పింది రుణాత్మక పునర్బలనమే కదా? కానీ నా గైడులో రుణాత్మక పునర్బలనం అంటే శిక్ష అని ఉంది. లిఫ్టు మానేయడంలో శిక్ష ఎక్కడుంది?

బోర్డు_సుద్దముక్క
నీ గైడు తప్పు బాబూ. ఈ ఒక్క ప్రశ్నలో ఏటా ఎంతమంది మార్కులు పోగొట్టుకుంటారో నాకు తెలుసు, పాఠం చెప్పేవాడిని కాబట్టి.

పునర్బలనం అన్నాక అది ధనాత్మకమైనా రుణాత్మకమైనా ప్రవర్తన పెరగాలి. శిక్ష అంటే ప్రవర్తన తగ్గాలి. ధనాత్మకం అంటే ఏదో వచ్చి చేరింది, రుణాత్మకం అంటే ఏదో తొలగిపోయింది. అంతే, మంచి చెడుల ప్రసక్తి లేదు. లిఫ్టు ఎక్కకుండా తిరిగొచ్చేస్తే భయం తొలగిపోయింది. అందువల్ల తిరిగొచ్చేసే అలవాటు పెరిగింది. అదే రుణాత్మక పునర్బలనం.

ఇంకొంచెం చెప్తాను, పరీక్షలో వస్తుంది. భయం పుట్టడానికి, భయం నిలవడానికి కారణాలు వేరు అని 1947లో మౌరర్ అనే సైకాలజిస్టు ప్రతిపాదించాడు. దీన్ని రెండు కారకాల సిద్ధాంతం అంటారు. పుట్టడం పావ్‌లోవ్ చెప్పిన శాస్త్రీయ నిబంధనంతో. లిఫ్టులో అటాక్ వచ్చింది, లిఫ్టూ భయమూ ముడిపడ్డాయి. నిలవడం తప్పించుకోవడంతో. మళ్లీ లిఫ్టు ఎక్కితే కదా ఏమీ కాలేదని తెలిసేది! ఎక్కనివాడికి ఆ ముడి విడిపోయే అవకాశమే రాదు.

పరీక్షల_ప్రణాళిక
ఇప్పుడు అర్థమైంది సార్. వాట్సన్ చిన్నారి ఆల్బర్ట్ ప్రయోగం కూడా ఇందులోకే వస్తుందా?

బోర్డు_సుద్దముక్క
వస్తుంది. 1920, వాట్సన్, రేనర్. తెల్ల ఎలుక చూపిస్తూ వెనక ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టారు. పసివాడు శబ్దానికి ఉలిక్కిపడి, చివరికి ఎలుకను చూస్తేనే ఏడ్చాడు. కుందేలును చూసినా ఏడ్చాడు. పుట్టించిన భయాన్ని తీసేయకుండానే ప్రయోగం ముగించారు. ఆ పసివాడి సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఇవాళ ఏ నైతిక కమిటీ దాన్ని అనుమతించదు.

కానీ ఇక్కడితో ఆపేసే పుస్తకాలంటే నాకు ఇంకా కోపం. 1924లో మేరీ కవర్ జోన్స్ దీనికి రెండో సగం చేసింది. కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్నపిల్లవాడు. వాడు ఇష్టంగా తింటున్నప్పుడు కుందేలును దూరంగా పెట్టి, రోజురోజుకూ కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చింది. చివరికి వాడు కుందేలును నిమిరాడు. ఐదో అంతస్తు గారికి జరిగిన చికిత్స మూలం ఇక్కడుంది. 1958లో వోల్పే అనే సైకియాట్రిస్టు దీన్ని పెద్దవాళ్లకు ఒక పద్ధతిగా రూపొందించాడు.

నీలిమేఘం
అన్ని భయాలూ ఇలా ముడిపడే వస్తాయంటే ఒప్పుకోను. నన్ను పాము ఎప్పుడూ కరవలేదు, అయినా చచ్చేంత భయం. కరెంటు షాకు చాలాసార్లు కొట్టింది, ప్లగ్గు అంటే భయం లేదు.

మనసు_పుస్తకం
మంచి పాయింట్. సెలిగ్మన్ అనే సైకాలజిస్టు 1971లో ఇదే అడిగాడు. కొన్ని భయాలు నేర్చుకోవడానికి మన జాతి ముందే సిద్ధమై ఉందన్నాడు. ప్రయోగశాలలో పుట్టి పెరిగిన కోతుల మీద సూసన్ మినేకా బృందం చేసిన పని చూడండి. వాటికి పాములంటే భయం లేదు. వేరే కోతి పామును చూసి బెదిరిపోవడం చూడగానే నేర్చేసుకున్నాయి. అదే బెదురు పువ్వును చూసి అన్నట్టు వీడియోలో కలిపి చూపిస్తే, పువ్వంటే భయం నేర్చుకోలేదు. అంటే కరవనక్కర్లేదు, ఎవరో భయపడటం చూస్తే చాలు, అదీ కొన్నిటికే.

నీలిమేఘం
మా అమ్మ పాము పేరెత్తితే మంచమెక్కేది. ఇప్పుడు తెలిసింది నాకెక్కడిదో.

న్యూరాన్_నవీన్
ఇంత చర్చలో అమిగ్డలా పేరే రాలేదు. మెదడులో బాదంగింజంత భాగం, భయానికి కేంద్రం అదే. అది అతిగా పనిచేయడమే యాంగ్జైటీ. మిగతాదంతా చుట్టూ తిరిగి చెప్పడం.

మనసు_పుస్తకం
అమిగ్డలా ముఖ్యమే నవీన్, కానీ "అదే" అంటే కుదరదు. పరిశోధనల్లో ఎస్.ఎమ్. అనే అక్షరాలతో ప్రసిద్ధమైన మహిళకు అరుదైన జబ్బు వల్ల రెండు వైపులా అమిగ్డలా పాడైపోయింది. పాములు పట్టుకున్నా, భయపెట్టే సినిమాలు చూసినా ఆమెకు భయం కలగదు. 2013లో ఆమెతోపాటు అలాంటి నష్టమే ఉన్న ఇంకో ఇద్దరికి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న గాలి పీల్పించారు. ముగ్గురికీ ప్యానిక్ అటాక్ వచ్చింది, అమిగ్డలా లేకుండానే! బయటి ప్రమాదానికి వచ్చే భయం ఒక దారిలో, శరీరం లోపలినుంచి వచ్చే భయం ఇంకో దారిలో నడుస్తాయని దీనివల్ల తెలుస్తోంది. ఈ ఫలితం మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం పక్కనపెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

న్యూరాన్_నవీన్
ఆ పేపరు తెలుసు. అక్కడ ఊపిరాడని సంకేతం ఇచ్చారు, అది ప్రత్యేక సందర్భం. రోజువారీ ఆందోళనలో అమిగ్డలా పాత్రను అది కొట్టేయదు.

మనసు_పుస్తకం
కొట్టేయదు. కేంద్రం ఒక్కటే అన్న మాటను కొట్టేస్తుంది. నా అభ్యంతరం అంతవరకే.

వాన_చినుకు
అందరి పోస్టులూ రెండేసి సార్లు చదివాను. నర్సు గారు తిమ్మిరికి కారణం చెప్పాక నిన్న అటాక్ మొదలైనప్పుడు "ఇది కార్బన్ డయాక్సైడ్" అనుకున్నాను. వచ్చింది, కానీ చస్తానన్న భయం లేదు. అదే నాకు పెద్ద తేడా. ఇప్పుడు ఊపిరి అభ్యాసం చేస్తూ లిఫ్టు ఎక్కితే సరిపోతుందా?

గాలి_పాట
సరిపోతుంది. నన్ను కాపాడింది అదే. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం. ఎక్కడున్నా చేసుకోవచ్చు, మందు అక్కర్లేదు.

ఐదో_అంతస్తు
గాలి పాట గారితో ఇక్కడ విభేదిస్తాను. ఊపిరి అభ్యాసం మంచిదే. అది లేకపోతే లిఫ్టు ఎక్కలేను అన్న స్థితికి వస్తే, అది కూడా తప్పించుకోవడంలో ఇంకో రకమే. మా సైకాలజిస్టు వీటిని రక్షణ అలవాట్లు అనేవారు. జేబులో మాత్ర, చేతిలో నీళ్ల సీసా, ఫోనులో ఎవరినో లైన్లో ఉంచుకోవడం. ఏమీ కాకుండా బయటపడినా, "సీసా ఉంది కాబట్టి బతికాను" అని మనసు రాసుకుంటుంది. నాకు నేర్పింది దానికి వ్యతిరేకం. ఉన్నచోటే పరిగెత్తి గుండెదడ తెచ్చుకోవడం, గుండ్రంగా తిరిగి కళ్లు తిరిగేలా చేసుకోవడం. అంటే కావాలనే ఆ అనుభూతి తెచ్చుకుని, దానివల్ల ఏమీ కాదని శరీరానికి చూపించడం.

గాలి_పాట
అది మీకు నిపుణుల పక్కన కూర్చుని చేయగలిగిన పని. మొదటి నెలలో నాకు మంచం దిగే ధైర్యం కూడా లేదు. ఊపిరి లెక్కపెట్టబట్టే దిగాను. ఆ మెట్టు తీసేస్తే నేను మీ దాకా వచ్చేవాడినే కాదు.

బోర్డు_సుద్దముక్క
ఇద్దరి మాటా చికిత్సకులలో కూడా ఉంది. 1986లో డేవిడ్ క్లార్క్ చెప్పిన నమూనా దీనికి ఆధారం. గుండె కాస్త వేగంగా కొట్టుకుంది, దాన్ని గుండెపోటు అని అర్థం చేసుకున్నాం, భయం పెరిగింది, గుండె ఇంకా వేగం పెరిగింది. ఆ చక్రం తిరుగుతుంది. తప్పుడు అర్థాన్ని సరిదిద్దితే చక్రం ఆగుతుంది. వాన చినుకు నిన్న చేసింది అదే. ఊపిరి అభ్యాసం ఆ అర్థాన్ని సరిదిద్దితే మేలు, దాచిపెడితే కాదు. నా ఓటు ఐదో అంతస్తు వైపు, కానీ మొదటి మెట్టుగా వాడుకోవడాన్ని తప్పుపట్టను.

వాన_చినుకు
మరి లిఫ్టుకి ఎలా మొదలుపెట్టాలి?

ఐదో_అంతస్తు
నిపుణులతో చేస్తే మేలు. నాకు చేయించింది చెప్తాను. భయాలను సున్నానుంచి వంద వరకు అంకెలేసి పట్టిక రాశాం. తలుపు తెరిచి ఉన్న లిఫ్టులో నిలబడటం ఇరవై, ఎవరితోనైనా ఒక అంతస్తు ఎక్కడం నలభై, ఒంటరిగా ఎక్కడం డెబ్బై, ఇలా. కిందినుంచి మొదలు. ప్రతిసారీ ఎక్కేముందు "ఏం జరుగుతుందని భయపడుతున్నాను" అని రాసి, దిగాక "ఏం జరిగింది" అని రాసేవాడిని. భయం పూర్తిగా పోయేదాకా ఆగక్కర్లేదు. అనుకున్న ఘోరం జరగలేదని తెలిస్తే చాలు. ఒకే మెట్టును వేర్వేరు లిఫ్టుల్లో, వేర్వేరు సమయాల్లో చేయాలి, లేకపోతే ధైర్యం ఆ ఒక్క లిఫ్టుకే పరిమితమైపోతుంది. మధ్యలో భయం తిరిగొస్తుంది. నాకు చాలాసార్లు వచ్చింది. మళ్లీ చేయడమే.

అలుపెరగని_అడుగు
ఇంత చేసే బదులు ఒక మాత్ర వేసుకుంటే పోదా? తెలిసినవాళ్లు ఒకరు ఏదో వేసుకుంటారు, అరగంటలో ప్రశాంతం అంటారు.

వార్డు_నర్సు
అరగంటలో పనిచేసేవి సాధారణంగా బెంజోడయాజెపైన్లు. మొదటిది 1960లో వచ్చింది, డయాజెపామ్ 1963లో. మెదడులో గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచి శాంతపరుస్తాయి. కొద్దికాలానికి, వైద్యుడు చెప్పిన మేరకు వాడితే ఉపయోగమే. ఎక్కువకాలం వాడితే అలవాటైపోతాయి, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మద్యంతో కలిస్తే ఊపిరే మందగిస్తుంది. ఇంకొకరి మాత్రలు వేసుకోవడం ఎప్పుడూ వద్దు.

దీర్ఘకాలానికి మొదట ఇచ్చేవి ఎస్ఎస్ఆర్ఐలు, అంటే మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మందులు. ఇవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలో కంగారు కాస్త పెరిగినట్టు కూడా ఉండొచ్చు. ఆ సంగతి ముందే చెప్పకపోవడం వల్ల చాలామంది "మందు పడలేదు" అని మానేస్తారు, అది చూసినప్పుడల్లా బాధేస్తుంది. మొదలుపెట్టడం, ఆపడం రెండూ సైకియాట్రిస్టు చెప్పినట్టే జరగాలి.

గాలి_పాట
సైకాలజిస్టు, సైకియాట్రిస్టు తేడా కూడా చెప్పేయండి, చాలామందికి తెలియదు.

వార్డు_నర్సు
సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మానసిక పరీక్షలు, సీబీటీ లాంటి చికిత్సలు చేస్తారు. ఇద్దరూ కలిసి చూసే కేసులు చాలా ఉంటాయి.

నిద్రలేని_రాత్రి
నెట్‌లో ఒక ఏడు ప్రశ్నల పరీక్ష రాశాను, 12 వచ్చింది. జబ్బు ఖాయమా?

మనసు_పుస్తకం
అది జీఏడీ-7 అయ్యుంటుంది. 2006లో వచ్చింది, మొత్తం 21. 5, 10, 15 దగ్గర స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని హద్దులు. గత రెండు వారాల గురించే అడుగుతుంది. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నిపుణులను కలవడం మంచిదని చెప్తుంది, జబ్బు ఖాయమని చెప్పదు. ఆ కాగితం పట్టుకుని వెళ్లండి, మాట మొదలుపెట్టడం తేలికవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019లో 30 కోట్ల 10 లక్షల మంది ఆందోళన రుగ్మతలతో ఉన్నారు. చికిత్స అందేది నలుగురిలో దాదాపు ఒకరికే.

నీలిమేఘం
మా తమ్ముడు తలుపు గడియ ఇరవైసార్లు చూస్తాడు. అదీ ఇదేనా?

బోర్డు_సుద్దముక్క
ఓసీడీని, అంటే ఇలా ఒకే ఆలోచనో పనో వదలకుండా వెంటాడే రుగ్మతను, పూర్వం ఆందోళన రుగ్మతల్లోనే చెప్పేవాళ్లు. డీఎస్ఎమ్ 2013 కూర్పులో దానికి వేరే అధ్యాయం ఇచ్చారు, పీటీఎస్‌డీకి (ఘోరమైన అనుభవం తర్వాత వెంటాడే రుగ్మత) కూడా. పేరు ఏ అధ్యాయంలో ఉన్నా, గడియ చూడగానే వచ్చే ఉపశమనమే మళ్లీ చూడమంటుంది. పైన లిఫ్టు గురించి చెప్పుకున్నదే ఇక్కడా పనిచేస్తోంది. చూపించండి, చికిత్స ఉంది.

చిట్టి_అమ్మ
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. మా పాపకు ఆరేళ్లు. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, బడిలో ఒక్క మాట కూడా మాట్లాడదు. టీచరు మొండితనం అంటున్నారు. ఎవరైనా పేరు అడిగితే నేనే చెప్పేస్తాను, పాపం బిగుసుకుపోతుంది కదా అని.

మనసు_పుస్తకం
చిట్టి అమ్మ గారూ, ఇలా ఒకచోట మాట్లాడుతూ ఇంకోచోట మాట్లాడలేకపోవడం నెలకు మించి ఉంటే, సెలెక్టివ్ మ్యూటిజమ్ అవునో కాదో చూపించుకోవాలి. 2013నుంచి దాన్ని ఆందోళన రుగ్మతల్లోనే చేర్చారు. పాప మొండికేయడం లేదు, మాట రావడం లేదు. పిల్లల సైకాలజిస్టును త్వరగా కలవండి, వినికిడి, భాష కూడా పరీక్షిస్తారు.

ఐదో_అంతస్తు
మీరు పాప బదులు చెప్పేయడం ప్రేమతోనే. ఆ క్షణంలో ఇద్దరికీ హాయి. కాకపోతే తర్వాతిసారి కూడా పాప మీవైపే చూస్తుంది. వెంటనే మానేయమనను. అడిగాక ఒక ఐదు సెకన్లు ఆగండి. తల ఊపినా, వేలితో చూపినా ఒప్పుకోండి.

చిట్టి_అమ్మ
మరి మాట్లాడితే బహుమతి ఇస్తానని చెప్పొచ్చా? వాళ్ల నాన్న అదే అంటున్నారు.

బోర్డు_సుద్దముక్క
పెద్ద బహుమతి, పెద్ద షరతు వద్దమ్మా, దానితో ఒత్తిడి పెరుగుతుంది. చేయగలిగిన చిన్న పనికి చిన్న మెప్పు ఇవ్వండి. బడి అయిపోయాక ఖాళీ తరగతి గదిలో పాప మీతో మాట్లాడగలుగుతుందేమో చూడండి. మాట్లాడితే మరో రోజు తలుపు దగ్గర టీచరును ఉండమనండి, ఆ తర్వాత గదిలోకి రమ్మనండి. టీచరుతో నేరుగా మాట్లాడమని మాత్రం ఇప్పుడే అడగొద్దు. ఈ విషయం టీచరుకు మీరే చెప్పండి, సైకాలజిస్టు రాసిచ్చిన కాగితం చేతిలో ఉంటే వాళ్లూ వింటారు.

చిట్టి_అమ్మ
సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. టీచరుకు ఈ చర్చ ప్రింటు తీసి ఇస్తాను.